శత్రువు మంత్రాన్ని ఆపేదెలా? 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'లో ప్రతిమంత్రం నిబంధనల కథ

సూరత్‌లోని సలాబత్‌పురాలో, రింగ్ రోడ్డు వస్త్ర మార్కెట్లకు దగ్గరగా ఉన్న ఒక ఇంటి మేడగదిలో, ఆదివారం మధ్యాహ్నం నలుగురు తెలుగు పిల్లలు బల్ల చుట్టూ కూర్చున్నారనుకుందాం. వారి ముందు కాగితాలు, పెన్సిళ్లు, ఇరవై ముఖాల పాచికలు ఉన్నాయి. ఆటను నడుపుతున్న పెద్దవాడు, "శత్రు మాంత్రికుడు చేతులు పైకెత్తి ఏదో మంత్రం చదవడం మొదలుపెట్టాడు" అన్నాడు. మాంత్రికురాలి పాత్ర పోషిస్తున్న చెల్లెలు వెంటనే అందుకుంది. "అన్నా, ఆగు. నేను అడ్డుకుంటా. కానీ అది ఏ మంత్రమో ముందు చెప్పు." "చెప్తే ఇంకేం ఆట?" అన్నాడు అన్న. అక్కడితో ఆట ఆగి వాదన మొదలైంది.

ఈ సన్నివేశం ఊహించినదే. కానీ వాదన మాత్రం నిజమైనది. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే పాత్రధారణ ఆటను ఏ దేశంలో, ఏ భాషలో ఆడినా, ఎదుటివారి మంత్రాన్ని మధ్యలోనే భగ్నం చేసే 'కౌంటర్‌స్పెల్' నిబంధన దగ్గర ఈ ప్రశ్న తలెత్తక మానదు. అడ్డుకునేవారికి ఎంత తెలిసి ఉండాలి? ఎప్పుడు తెలియాలి? అడ్డుకున్నందుకు ఏం చెల్లించాలి? గత 50 ఏళ్లలో ఈ ఆట నిబంధనలు ఈ ప్రశ్నలకు పలుమార్లు వేర్వేరు సమాధానాలు ఇచ్చాయి. తాజా మార్పు 2024లో వచ్చింది.

ఈ ఆట 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా పట్టణం నుంచి వెలువడింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీని రూపకర్తలు. ఆడటానికి తెర అక్కరలేదు, విద్యుత్తు అక్కరలేదు. 'డంజన్ మాస్టర్' అని పిలిచే నిర్వాహకుడు కథ చెబుతాడు. మిగిలినవారు తలా ఒక పాత్ర ధరించి ఆ కథలో ఏం చేస్తారో చెబుతారు. ఫలితం అటో ఇటో తేలనిచోట పాచిక తేలుస్తుంది. బుర్రకథలో వంతలు మధ్యలో ప్రశ్నలు వేసి కథకుణ్ని మలుపు తిప్పినట్లుగా ఇక్కడ వినేవారే కథను నడిపిస్తారు. తేడా ఏమిటంటే, ఇక్కడ ముగింపు కథకుడికి కూడా తెలియదు.

తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పని వెతుక్కుంటూ సూరత్‌కు తరలివెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఆ నగరంలో స్థిరపడ్డాయి. అక్కడి నగరపాలక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. అలాంటి ఇంట్లోని పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, మార్కెట్లో హిందీ. ఆట నిబంధనల పుస్తకం మాత్రం ఆంగ్లంలో ఉంటుంది. ఒక్క క్రియాపదాన్ని పొరపాటుగా అర్థం చేసుకున్నా తగవు తప్పదు. కౌంటర్‌స్పెల్ విషయంలో జరిగేది తరచూ అదే.

అసలు నిబంధన ఏమంటోంది?

2014లో వెలువడిన ఐదో సంచిక నియమావళి ప్రకారం కౌంటర్‌స్పెల్ మూడో స్థాయి మంత్రం. ఆటలో మంత్రాలకు సున్నా నుంచి తొమ్మిది వరకు స్థాయిలుంటాయి. చిటికెలో వేసే చిన్న మంత్రాలు సున్నా స్థాయివి. వాటికి ఖర్చు లేదు. ఒకటో స్థాయి నుంచి పైవాటికి 'స్లాట్' ఖర్చవుతుంది. ఐదో స్థాయికి చేరిన మాంత్రికురాలి పాత్రకు మూడో స్థాయి స్లాట్లు రోజుకు రెండే ఉంటాయి. ఇక్కడ 'స్థాయి' అన్న మాట రెండు చోట్ల రెండు అర్థాల్లో వచ్చింది. పాత్ర స్థాయి వేరు, మంత్రం స్థాయి వేరు. కొత్తగా ఆడేవారు మొదట తడబడేది ఇక్కడే.

కౌంటర్‌స్పెల్‌ను ఎవరైనా సాధారణంగా తమ వంతు వచ్చినప్పుడు వేయరు. ఎదుటివారి వంతులో వేస్తారు. దీనికి 'రియాక్షన్' అనే అవకాశాన్ని వాడుకోవాలి. ప్రతి పాత్రకూ ఒక చుట్టుకు ఒకే రియాక్షన్ ఉంటుంది. తిరిగి తన వంతు మొదలైనప్పుడే అది మళ్లీ లభిస్తుంది. అరవై అడుగుల లోపల, అంటే సుమారు 18 మీటర్ల దూరంలో, ఒక ప్రాణి మంత్రం వేస్తుండగా చూసినప్పుడు మాత్రమే కౌంటర్‌స్పెల్ వేయవచ్చు. ఎదుటి మంత్రం మూడో స్థాయిది లేదా అంతకు తక్కువదైతే అది వెంటనే వృథా అవుతుంది, పాచిక వేయనక్కరలేదు. అంతకు పైస్థాయిదైతే అడ్డుకునేవారు పాచిక వేసి, తమ మంత్రశక్తికి ఆధారమైన సామర్థ్యాన్ని కలిపి, పదికి ఆ మంత్రం స్థాయిని కూడితే వచ్చే అంకెను అందుకోవాలి. ఐదో స్థాయి మంత్రాన్ని ఆపాలంటే 15 రావాలి. సామర్థ్యం వల్ల నాలుగు కలిసే మాంత్రికురాలికి పాచికపై 11 గానీ అంతకు పైగానీ పడాలి. సరిగ్గా సగం అవకాశం. అలా అదృష్టాన్ని నమ్ముకోవడం ఇష్టం లేకపోతే ఐదో స్థాయి స్లాట్‌నే ఖర్చు చేయవచ్చు. అప్పుడు ఐదో స్థాయి వరకు ఏ మంత్రమైనా ఖాయంగా ఆగుతుంది.

దీని విలువ ఎంతో తెలియాలంటే 'ఫైర్‌బాల్'ను చూడాలి. అది కూడా మూడో స్థాయి మంత్రమే. ఇరవై అడుగుల వ్యాసార్థంలో ఉన్న అందరిపైనా ఎనిమిది ఆరుముఖాల పాచికలంత నిప్పు కురుస్తుంది, సగటున 28. చురుగ్గా తప్పుకోగలిగినవారికి అందులో సగం తగులుతుంది. ఐదో స్థాయి మాంత్రికురాలి ప్రాణబలం చాలాసార్లు దాదాపు ఆ సగటంతే ఉంటుంది. అంటే సలాబత్‌పురా మేడగదిలో చెల్లెలు అడిగిన ప్రశ్న ఆషామాషీది కాదు. శత్రువు వేస్తున్నది ఫైర్‌బాల్ అయితే అడ్డుకోకపోవడం ఆత్మహత్యాసదృశం. అది సున్నా స్థాయి చిటికె మంత్రమే అయితే, ఉన్న రెండు స్లాట్లలో ఒకటి బూడిదలో పోసినట్లే.

తెలుసుకోవాలా, అడ్డుకోవాలా?

శత్రువు ఏ మంత్రం వేస్తున్నాడో నిర్వాహకుడు ముందే చెప్పాలని 2014 నియమావళిలో ఎక్కడా లేదు. చెప్పకూడదనీ లేదు. ఈ మౌనం వల్ల ఒక్కో బల్ల ఒక్కో సంప్రదాయాన్ని ఏర్పరచుకుంది. కొందరు నిర్వాహకులు "ఫైర్‌బాల్ వేస్తున్నాడు" అని నేరుగా చెబుతారు. మరికొందరు "మంత్రం వేస్తున్నాడు" అని ఊరుకుంటారు. ఇంకొందరు "చేతిలో గబ్బిలపు రెట్ట, గంధకం కలిపిన ఉండ కనిపిస్తోంది" అంటారు. ఫైర్‌బాల్‌కు కావలసిన సామగ్రి అదేనని తెలిసిన ఆటగాడికి అంత సూచన చాలు.

2017లో వచ్చిన 'జనాథర్స్ గైడ్ టు ఎవ్రీథింగ్' అనుబంధ గ్రంథం ఈ ఖాళీని పూరించే ప్రయత్నం చేసింది. మంత్రం వేస్తుండగానే గుర్తుపట్టాలంటే రియాక్షన్ వాడి, మంత్రవిద్యా పరిజ్ఞానానికి పాచిక వేయాలని, పదిహేనుకు మంత్రం స్థాయిని కలిపిన అంకెను అందుకోవాలని అది సూచించింది. ఫైర్‌బాల్ విషయంలో ఆ అంకె 18. కౌంటర్‌స్పెల్‌కు కూడా రియాక్షనే కావాలి, ఉన్నది ఒక్కటే. కాబట్టి ఒకే పాత్ర గుర్తుపట్టడం, అడ్డుకోవడం రెండూ చేయలేదు. తెలుసుకుంటే అడ్డుకోలేరు, అడ్డుకుంటే తెలుసుకోలేరు.

దీన్ని చాలామంది లోపంగా భావించారు. కానీ అందులో ఒక వెసులుబాటు దాగి ఉంది. గుర్తుపట్టే పని పక్కనున్న తోటి పాత్ర చేయవచ్చు. మేడగదిలో తమ్ముడిది పాటగాడి పాత్ర అనుకుందాం. అతడికి మంత్రవిద్యా పరిజ్ఞానం వల్ల నాలుగు కలుస్తాయి. అతడు తన రియాక్షన్ వాడి పాచిక వేస్తాడు, 14 గానీ అంతకు పైగానీ పడితే "అక్కా, ఫైర్‌బాల్!" అని అరుస్తాడు. ఆ అవకాశం 35 శాతం. అప్పుడు అక్క తన రియాక్షన్‌తో అడ్డుకుంటుంది. మంత్రం పూర్తయ్యేలోపు అలా కేకవేయడానికి వ్యవధి ఉంటుందా అన్నది మాత్రం నిర్వాహకుడి నిర్ణయానికి వదిలిన విషయం. ఉంటుందని ఒప్పుకునే బల్లపై ఆట రక్తికడుతుంది. ఎందుకంటే అక్కడ ఇద్దరు కలిసి ఒక పని చేస్తారు, మూల కూర్చున్న తమ్ముడికీ ఎదుటివారి వంతులో ఒక పాత్ర దొరుకుతుంది.

ఇక్కడ నిర్వాహకుడికి ఒక నైతిక బాధ్యత కూడా ఉంది. పేరు చెప్పకుండా దాచడం న్యాయమే అయినప్పుడు, ఆ దాచడం రెండు వైపులా ఉండాలి. చెల్లెలు మంత్రం వేసినప్పుడు ఆమె చేత పేరు చెప్పించుకుని, విన్న తరువాత శత్రువు అడ్డుకున్నాడని ప్రకటించే అన్న న్యాయంగా ఆడటం లేదు. ఆటగాళ్లు కూడా "నేను మంత్రం వేస్తున్నా" అని ఆగి, శత్రువు అడ్డుకుంటాడో లేదో తేలాక పేరు చెప్పే పద్ధతి పెట్టుకుంటే సమానత్వం నిలుస్తుంది. ఆట వేగం కొంత తగ్గుతుంది, అంతే.

పాత సంచికల్లో వేరు లెక్క

తొలినాటి ఆటలో కౌంటర్‌స్పెల్ అనే మంత్రమే లేదు. ఇప్పటికే వేసిన మంత్రాన్ని తొలగించే 'డిస్పెల్ మ్యాజిక్' మాత్రం 1974 నుంచీ ఉంది. 1970ల చివర్లో వచ్చిన 'అడ్వాన్స్‌డ్' నియమావళిలో మంత్రం చదవడానికి కొంత వ్యవధి పట్టేది. ఆ వ్యవధిలో మాంత్రికుడికి దెబ్బ తగిలితే మంత్రం చెడిపోయేది. కాబట్టి శత్రువు మంత్రాన్ని ఆపడానికి మరో మంత్రం అవసరం ఉండేది కాదు. గురిచూసి ఒక రాయి విసిరితే చాలు. యాగాన్ని భగ్నం చేయడానికి రాక్షసులు అనుసరించిన మార్గం కూడా ఇంచుమించు ఇదే.

2000లో 'విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్' సంస్థ వెలువరించిన మూడో సంచిక దీనికి స్పష్టమైన శాస్త్రం ఏర్పరిచింది. అడ్డుకోదలచినవారు తమ వంతులో మరేమీ చేయకుండా, ఫలానా శత్రువు మంత్రం వేస్తే అడ్డుకుంటానని కాచుకుని కూర్చోవాలి. శత్రువు మొదలుపెట్టగానే పాచిక వేసి మంత్రాన్ని గుర్తుపట్టాలి; దీనికి ఖర్చు లేదు. గుర్తుపట్టాక అదే మంత్రాన్ని తామూ వేయాలి. ఫైర్‌బాల్‌కు ఫైర్‌బాలే విరుగుడు. వేగాన్ని పెంచే మంత్రం, వేగాన్ని తగ్గించే మంత్రం వంటి కొన్ని విరుద్ధమైన జంటలు ఒకదాన్నొకటి రద్దు చేసుకునేవి. మంత్రం ఏదో తెలియకపోయినా, అదే మంత్రం తమ దగ్గర లేకపోయినా డిస్పెల్ మ్యాజిక్‌ను అన్నిటికీ పనికొచ్చే విరుగుడుగా వాడవచ్చు. కాకపోతే అది పాచికపై ఆధారపడుతుంది.

తెలుగు పాఠకులకు ఈ లెక్క కొత్తది కాదు. ఆగ్నేయాస్త్రానికి వారుణాస్త్రం, నాగాస్త్రానికి గరుడాస్త్రం అన్నది పౌరాణిక చిత్రాలు చూసిన ప్రతి ఇంటా తెలిసిన విషయమే. భీష్మ పరశురాముల యుద్ధంలో బ్రహ్మాస్త్రానికి ఎదురైనది బ్రహ్మాస్త్రమే. రామాయణ బాలకాండలో విశ్వామిత్రుడు ప్రయోగించిన అస్త్రాలన్నిటినీ వసిష్ఠుడి బ్రహ్మదండం ఒక్కటే మింగివేసింది. మొదటిది మూడో సంచికలోని 'అదే మంత్రం' పద్ధతి. రెండోది డిస్పెల్ మ్యాజిక్ పద్ధతి. అమెరికా రచయితలు మహాభారతం చూసి రాశారని దీనర్థం కాదు. మాటతో నిప్పు పుట్టించే లోకాన్ని ఊహించిన ప్రతిచోటా, ఆ నిప్పును ఆపే ధర్మం కూడా ఊహించక తప్పదు.

అస్త్రవిద్యలో మరో షరతు ఉంది. ప్రయోగించడం ఎంత ముఖ్యమో ఉపసంహరించడం కూడా అంతే ముఖ్యం. సౌప్తిక పర్వంలో అశ్వత్థామ బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని వదిలినప్పుడు అర్జునుడు అదే అస్త్రంతో ఎదుర్కొన్నాడు. నారద వ్యాసులు మధ్యలో నిలిచి ఇద్దరినీ వెనక్కు తీసుకోమన్నారు. అర్జునుడు తీసుకోగలిగాడు, అశ్వత్థామకు ఆ విద్య రాదు. ఆ అస్త్రం పాండవ స్త్రీల గర్భాలపైకి మళ్లింది. ఆటలో ఇటువంటి భయం లేదు. అక్కడ కౌంటర్‌స్పెల్ ఫలిస్తే ఎదుటి మంత్రం ఎవరినీ తాకకుండా మాయమవుతుంది.

మూడో సంచిక పద్ధతి వినడానికి ఎంత బాగున్నా, ఆటలో దాన్ని వాడినవారు తక్కువ. కారణం సులభం. తన వంతును వదులుకుని కాచుకుని కూర్చుంటే, శత్రువు ఆ చుట్టులో మంత్రం వేయకుండా కత్తి దూయవచ్చు. వేసినా అదే మంత్రం తన దగ్గర ఉండకపోవచ్చు. అప్పటి ప్రతిమంత్రానికి ధర కాలం, జ్ఞానం. 2014లో ఆ రెండూ తొలగిపోయి రియాక్షన్, స్లాట్ మాత్రమే ధరగా మిగిలాయి. దానితో అరుదైన విద్య కాస్తా ప్రతి మాంత్రికుడూ తప్పక నేర్చుకునే విద్యగా మారింది. ధర మరీ తగ్గిందన్న విమర్శ అప్పుడే మొదలైంది.

2024లో ఏం మారింది?

2024 సెప్టెంబరులో వచ్చిన కొత్త 'ప్లేయర్స్ హ్యాండ్‌బుక్'లో కౌంటర్‌స్పెల్ పేరు, స్థాయి, దూరం మారలేదు. లోపలి యంత్రాంగం మాత్రం మారిపోయింది. ఇప్పుడు పాచిక వేసేది అడ్డుకునేవారు కాదు, అడ్డగింపునకు గురైనవారు. తమ దేహదారుఢ్యాన్ని కలుపుకుని 'సేవింగ్ త్రో' వేయాలి. గెలిస్తే మంత్రం యథావిధిగా సాగుతుంది. ఓడితే మంత్రం చెదిరిపోతుంది, ఆ వంతులో దానికి వాడిన అవకాశం వృథా అవుతుంది. అయితే దానికి కేటాయించిన స్లాట్ మాత్రం ఖర్చు కాదు. ఎంత పెద్ద స్లాట్ వాడినా ఖాయంగా ఆపడమనే మాట ఇక లేదు. ఎదుటి మంత్రం ఒకటో స్థాయిదా, తొమ్మిదో స్థాయిదా అన్న తేడా కూడా లేదు.

అంకెల్లో చూస్తే మార్పు స్పష్టమవుతుంది. ఐదో స్థాయి మాంత్రికురాలికి సామర్థ్యం వల్ల నాలుగు కలిస్తే, ఆమె మంత్రాన్ని తట్టుకోవడానికి శత్రువు అందుకోవలసిన అంకె 15. దేహదారుఢ్యం వల్ల ఏమీ కలవని సామాన్య మాంత్రికుడు నూటికి 70 సార్లు ఓడిపోతాడు. ఐదు కలిసే శత్రువు 45 సార్లు ఓడిపోతాడు. పాత నిబంధనలో ఫైర్‌బాల్‌ను నూటికి నూరుసార్లు ఆపగలిగిన చెల్లెలికి ఇది నష్టమే. కానీ తొమ్మిదో స్థాయి మంత్రం విషయంలో పాత నిబంధన ప్రకారం మూడో స్థాయి స్లాట్‌తో ఆమెకు ఉన్న అవకాశం 30 శాతమే. కొత్త నిబంధనలో శత్రువు బలహీనుడైతే 70 శాతం.

అసలు చిక్కు 'లిచ్' వంటి మహాశత్రువులతో వస్తుంది. తన ప్రాణాన్ని శరీరం వెలుపల దాచుకున్న మృత మాంత్రికుడు లిచ్. బాలనాగమ్మ కథలో మాయలఫకీరు ప్రాణం చిలుకలో ఉన్నట్లే. 2014 గ్రంథంలోని లిచ్‌కు దేహదారుఢ్య పరీక్షలో పది కలుస్తాయి. 15ను అందుకోలేక ఓడిపోయేది పాచికపై ఒకటి నుంచి నాలుగు పడినప్పుడే, అంటే 20 శాతం. ఓడినా రోజుకు మూడుసార్లు ఓటమిని గెలుపుగా మార్చుకునే ప్రత్యేక శక్తి దానికి ఉంది. పాత నిబంధనలో ఆ శక్తి కౌంటర్‌స్పెల్‌పై పనిచేసేది కాదు. ఎందుకంటే పాచిక వేసేది లిచ్ కాదు. ఇప్పుడు పనిచేస్తుంది. నాయకుడి తొలి మంత్రాన్నే ఆపి యుద్ధాన్ని ముగించే వ్యూహానికి దీనితో తెరపడింది.

ఈ మార్పులో ప్రశంసించదగినది స్లాట్ మిగిలిపోవడం. పాత ఆటలో మాంత్రికురాలు తన వంతు కోసం పావుగంట ఎదురుచూసి, తనకున్న పెద్ద మంత్రాన్ని వేస్తే, నిర్వాహకుడు ఒక్క మాటతో దాన్ని రద్దు చేసేవాడు. వంతు పోయింది, స్లాట్ పోయింది, కనీసం పాచిక వేసే సరదా కూడా దక్కలేదు. కొత్త పద్ధతిలో ఆమె స్వయంగా పాచిక వేస్తుంది. ఓడినా మంత్రం మళ్లీ వేసుకునే వీలుంది. పన్నెండేళ్ల పిల్లకు ఈ తేడా చాలా పెద్దది.

ప్రతిమంత్రానికి ప్రతిమంత్రం

కౌంటర్‌స్పెల్ కూడా మంత్రమే కనుక దాన్ని మరో కౌంటర్‌స్పెల్‌తో అడ్డుకోవచ్చు. కర్ణపర్వంలో అర్జునుడు ఆగ్నేయాస్త్రం వేస్తే కర్ణుడు వారుణాస్త్రంతో చల్లార్చాడు. కమ్ముకున్న మేఘాలను అర్జునుడు వాయవ్యాస్త్రంతో చెదరగొట్టాడు. ఆటలోనూ గొలుసు ఇలాగే సాగుతుంది. చెల్లెలు ఫైర్‌బాల్ వేస్తుంది, శత్రువు అడ్డుకుంటాడు, ఆ అడ్డగింపును తమ్ముడు అడ్డుకుంటాడు. తేల్చేటప్పుడు చివరి దాని నుంచి వెనక్కు రావాలి. తమ్ముడి మంత్రం ఫలిస్తే శత్రువు అడ్డగింపు పోతుంది, ఫైర్‌బాల్ పేలుతుంది. 1993లో వచ్చిన 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' చీట్ల ఆటలోనూ కౌంటర్‌స్పెల్ పేరుతోనే ఒక చీటీ ఉంది. చివర వేసినదే ముందు తేలాలన్న సూత్రాన్ని ఆ ఆట ఇంకా కచ్చితంగా రాసుకుంది.

2014 నియమావళి ప్రకారం చెల్లెలు తన ఫైర్‌బాల్‌ను తానే కాపాడుకోవచ్చు. తన వంతులో కూడా రియాక్షన్ వాడే హక్కు ఆమెకుంది. 2024 నియమావళి ఒక వంతులో మంత్రాల కోసం ఒకే స్లాట్ ఖర్చు చేయాలని పరిమితి పెట్టింది. ఫైర్‌బాల్‌కు స్లాట్ వాడిన వంతులోనే ఆమె కౌంటర్‌స్పెల్‌కు మరో స్లాట్ వాడలేదు. తోటివారు ఆదుకోవలసిందే.

అడ్డగింపును తప్పించుకునే దారులూ ఉన్నాయి. అరవై అడుగుల పరిధి దాటి నిలబడితే చాలు. ఫైర్‌బాల్ 150 అడుగుల దూరం వెళుతుంది. కంటికి కనబడకుండా గోడ చాటున వేసినా కౌంటర్‌స్పెల్ పనిచేయదు. 'సోర్సెరర్' పాత్రలకు మాట పలకకుండా, చెయ్యి కదపకుండా మంత్రం వేసే నేర్పు ఉంటుంది. సామగ్రి కూడా అక్కరలేని మంత్రమైతే అడ్డుకునేవారికి కనిపించేదేమీ ఉండదు. మరోవైపు, కౌంటర్‌స్పెల్ వేయడానికి నోరు అక్కరలేదు, చేతి కదలిక చాలు. అందువల్ల శబ్దాన్ని మింగే 'సైలెన్స్' మంత్రం మధ్యలో చిక్కుకున్న మాంత్రికురాలు కూడా దాన్ని వేయగలదు. చేతులు కట్టేస్తే మాత్రం వేయలేదు. రెండో స్థాయిదైన ఆ సైలెన్స్ స్వయంగా చవకైన ప్రతిమంత్రమే. నోటితో పలకవలసిన మంత్రమేదీ దాని లోపల పుట్టదు.

మంత్రం కానిదాన్ని ఈ విద్య ఆపలేదు. డ్రాగన్ నోట వెలువడే నిప్పు మంత్రం కాదు. ద్రోణపర్వంలో నారాయణాస్త్రం వచ్చినప్పుడు ఎదురు అస్త్రం లేదని, ఆయుధాలు వదిలి వాహనాలు దిగడమే మార్గమని శ్రీకృష్ణుడు చెప్పాడు. వినని భీముణ్ని కృష్ణార్జునులు రథం నుంచి కిందికి లాగవలసి వచ్చింది. డ్రాగన్ ఎదుట కౌంటర్‌స్పెల్ ఉందని ధీమాగా నిలబడే ఆటగాడి పరిస్థితి కూడా అదే.

తెలుగులో రాసుకుంటే

ఈ నిబంధనలను తెలుగులో రాసుకోవడానికి చట్టపరమైన అడ్డంకి లేదు. లైసెన్సు షరతులను మార్చే ప్రయత్నంపై ఆటగాళ్ల నుంచి తీవ్ర వ్యతిరేకత రావడంతో, విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 2023 జనవరి 27న ఐదో సంచిక మూల నియమావళిని 'క్రియేటివ్ కామన్స్' లైసెన్సు కింద విడుదల చేసింది. 2024 నిబంధనలతో కూడిన తరువాతి పాఠం 2025లో అదే లైసెన్సుతో వచ్చింది. కౌంటర్‌స్పెల్ ఆ రెండింటిలోనూ ఉంది. మూలాన్ని పేర్కొంటే ఎవరైనా అనువదించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా.

అయితే అనువాదంలో ఒక్క ప్రత్యయం ఆటను తారుమారు చేయగలదు. 'మంత్రం వేసినప్పుడు' అని రాస్తే మంత్రం పూర్తయిందన్న అర్థం వస్తుంది. పూర్తయిన మంత్రానికి కౌంటర్‌స్పెల్ కాదు, డిస్పెల్ మ్యాజిక్ కావాలి. 'వేస్తుండగా' అనడమే సరైనది. 'వేస్తున్నట్లు తెలిస్తే' అన్నా తప్పే. గోడ అవతల మంత్రం వినబడినా తెలుస్తుంది, కానీ నిబంధన కోరేది కంటితో చూడటం. 'స్థాయి' అన్న మాటకు కూడా విడదీత కావాలి. పాత్రకు 'స్థాయి', మంత్రానికి 'మెట్టు' అని పెట్టుకుంటే ఐదో స్థాయి మాంత్రికురాలు మూడో మెట్టు మంత్రం వేస్తుందన్న వాక్యం చిన్నపిల్లలకూ ఒక్కసారికే అర్థమవుతుంది.

ఇక 'ఏ మంత్రమో ముందు చెప్పు' అన్న చెల్లెలి డిమాండుకు 2024 పుస్తకంలోనూ సూటి సమాధానం లేదు. కొత్త నిబంధనలో ఆమెకు కావలసినది శత్రువు నోరు మెదపడమో, చెయ్యి కదపడమో, సామగ్రి తీయడమో కంటపడటం మాత్రమే. పేరు చెప్పాలా వద్దా అన్నది ఆ మేడగదిలోని నలుగురూ పాచికలు బయటకు తీయకముందే అనుకుని, కాగితంపై రాసుకోవలసిన సంగతి.